దర్బారు సీన్లో కిరీటం ఎవరిది?

సినిమాకి వెళ్తే అందరూ హీరో మొహం చూస్తారు. నేను చెవులు చూస్తాను. తర్వాత మెడ, భుజాలు, నడుము, ఆఖరికి తల మీద ఏముందో చూస్తాను. మా ఆవిడ పెళ్ళయిన కొత్తలో ఒక రాజుల సినిమాకి వెళ్ళొచ్చాక, "హీరోయిన్ అంతలా ఏడుస్తుంటే మీరు వడ్డాణం గురించి మాట్లాడతారేంటండీ" అని నవ్వింది. ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

నా పేరు మస్తాన్. బందరు చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ పని చేశాను, నలభై ఏళ్ళకు పైగా. రాగి రేకు మీద నగిషీ కొట్టి, టంకం పెట్టి, రాళ్ళు పొదిగి, పైన బంగారు పూత వేయించే పని. కళ్ళు సహకరించక మానేశాను. ఈ మధ్య ఈ పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు, ఆడపిల్లలు కొందరు "మీ అనుభవాలు రాసిపెట్టండి" అన్నారు. ఎప్పుడు ఏ కొట్లో చేరాను, ఎవరెవరు శాలువా కప్పారు లాంటివి రాయను. వాటి వల్ల మీకు ఒక్క రాయి కూడా సరిగ్గా కూర్చోదు.

రాయాల్సింది ఒక కిరీటం గురించి. దాన్ని పాడుచేసింది నేను. మాట పడింది మా మేస్త్రి వీర్రాజు గారు. చాలా ఏళ్ళు నోరు మూసుకున్నాను. ఆయన పోయాక కూడా ఊళ్ళో ఆ మాట అలాగే ఉండిపోయింది. దాన్ని సరిచేద్దామని ఈ మధ్యే బయల్దేరితే, నాకే తెలియని ఇంకో సంగతి బయటపడింది.

మెరుపు

నాకు సినిమాల పిచ్చి, అందులోనూ రాజుల సినిమాల పిచ్చి. కోటలు, కత్తులు, గుర్రాలు ఉంటే చాలు. మా హీరో ఒకాయన ఉండేవాడు. పేరు రాయను. రాస్తే అవతలి హీరో అభిమానులు ఈ కాగితం ఇక్కడే మడిచి పారేస్తారు. ఆయన రాజు వేషం వేసిన ప్రతి సినిమా కనీసం నాలుగుసార్లు చూసేవాణ్ణి. మొదటిసారి ఆయన కోసం, మిగతా మూడుసార్లు నగల కోసం. భుజకీర్తి భుజం మీద జారిపోకుండా ఎలా నిలిచింది? లోపల ఏం కట్టారు? గుర్రం మీద వెళ్తుంటే కిరీటం ఎందుకు ఊగదు? ఇంటికొచ్చి అట్టముక్కలు కత్తిరించి చూసుకునేవాణ్ణి.

అందుకే మా కొట్టుకి మొదటిసారి సినిమా వాళ్ళ పని వచ్చినప్పుడు నాకు ఒళ్ళు తెలియలేదు. హీరోకి కాదు, రాణి వెనకాల నిలబడే చెలికత్తెలకి హారాలు. పన్నెండు హారాలూ అద్దాల్లా తళతళలాడేలా పాలిష్ పెట్టాను. మా పనిలో మెరుపే కదా పరువు. వారం తిరక్కుండా పన్నెండూ వెనక్కొచ్చాయి. లైట్లు పడితే తెర మీద తెల్లటి మచ్చలు తప్ప హారం కనపడటం లేదట.

వీర్రాజు గారు ముక్కుపొడి పట్టు పీల్చి, చేతులు దులుపుకుని, "మన కొట్లో బల్బు ఒకటే రా. అక్కడ యాభై ఉంటాయి. వస్తువు ఎక్కడ పెట్టుకుంటారో అడగకుండా పాలిష్ ఎలా పెట్టావు?" అన్నారు.

అడగలేదు. నాకు తెలుసనుకున్నాను. మీరు మాత్రం అడగండి. పెళ్ళికా, స్టేజీకా, కెమెరాకా, గుళ్ళో విగ్రహానికా? అడిగితే కొనేవాళ్ళు విసుక్కుంటారు, అయినా అడగండి.

మొవ్వ మాస్టారి గంతులు

వీర్రాజు గారి గురించి రెండు మాటలు చెప్పాలి. ఆయన దేవుడేం కాదు. ఒక్కరి పనిని నోరారా మెచ్చుకోగా వినలేదు. కోపం వస్తే చేతిలో ఏది ఉంటే అది కిందపడేసేవారు, తర్వాత మనమే వెతికి తీయాలి. పని నేర్పడంలో పిసినారి. అడిగితే చెప్పరు, పక్కన కూర్చుని చూస్తే వద్దనరు. అంతే.

కానీ పల్చటి రేకుతో బరువైన వస్తువులా కనిపించేలా చేయడం ఆయన తర్వాతే ఎవరైనా. మొవ్వ వైపు నుంచి ఒక నాట్యం మాస్టారు తన శిష్యురాళ్ళ తలసామాను కోసం మా దగ్గరికి వచ్చేవారు. వస్తువు చేతికివ్వగానే ఆయన తన తలకే కట్టుకుని, పంచె ఎగ్గట్టి, కొట్టు ముందు నాలుగు గంతులు వేసేవారు. రోడ్డు మీద సైకిళ్ళు ఆగేవి. రాయి ఊడినా, పాపిట పక్కన పెట్టే సూర్యవంక జరిగినా వస్తువు వెనక్కే. వీర్రాజు గారు చేసినవి ఎప్పుడూ వెనక్కి రాలేదు.

నాకు మాత్రం ఆ పల్చదనం లోలోపల నచ్చేది కాదు. ఎంత బాగున్నా డొల్లే కదా అనిపించేది. వయసులో ఉన్నప్పుడు మనం చేసే పని మీద మనకే ఇలాంటి చిన్నచూపు ఉంటుంది. నాకు దాని వల్లే దెబ్బ తగిలింది.

రాళ్ళ బరువండీ

నాకు ఇరవై ఆరేళ్ళప్పుడు మా హీరో కిరీటమే మా కొట్టుకి వచ్చింది. మద్రాసు నుంచి కాస్ట్యూమ్స్ చూసే మేనేజరు స్వయంగా వచ్చి బొమ్మ ఇచ్చి వెళ్ళాడు. ఓడిపోయిన రాజు కథ అది. దర్బారులో అందరి ముందు తన కిరీటం తానే తీసి శత్రువుకి ఇచ్చేయాలి. ఆ సీను మీదే సినిమా అంతా నడుస్తుందని మేనేజరు చెప్పాడు.

వీర్రాజు గారు రేకు ఎంచి పక్కన పెట్టారు, కొలతలు గీసి ఇచ్చారు. సరిగ్గా అప్పుడే ఆయనకి జ్వరం వచ్చి మంచమెక్కారు. "నగిషీ నువ్వు కొట్టు. లేచాక చూస్తాను" అని కబురు చేశారు.

ఆయన ఎంచిన రేకు చేతిలోకి తీసుకున్నాను. వేలితో నొక్కితే వంగుతోంది. మా హీరో తల మీద ఇదా? జేబులో పర్సు, పర్సులో ఆయన ఫొటో ఉన్న మనిషిని నేను. నిజం రాజు మోసినట్టు మోయాలి ఆయన, అనుకున్నాను. ఆ రేకు పక్కన పెట్టేసి, గిన్నెలకి వాడే మందపు రేకు తెచ్చాను. అభిమానంతో చేసిన పని అది. అంత శ్రద్ధగా నేను అంతకు ముందు ఏ వస్తువూ చేయలేదు.

జ్వరం తగ్గి ఆయన వచ్చేసరికి పూత కూడా అయిపోయింది, మేనేజరు మనిషి పెట్టె పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు. వీర్రాజు గారు కిరీటం రెండు చేతుల్లోకి తీసుకుని ఒక్క క్షణం ఆగారు.

"బరువేంట్రా?"

"రాళ్ళ బరువండీ" అన్నాను.

కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు. అవతల రైలుకి టైమవుతోంది. ఇంకేమీ అనకుండా దూది పరిచి పెట్టెలో పెట్టారు.

మద్రాసులో రెండు రోజులు

షూటింగ్ మొదలైన మూడో రోజు పక్క మందుల షాపుకి ట్రంక్ కాల్ వచ్చింది, వెంటనే రమ్మని. ఇద్దరం వెళ్ళాం.

సెట్లోకి అడుగుపెట్టేసరికి మా హీరో కుర్చీలో కూర్చుని నుదుటికి తడి రుమాలు అద్దుకుంటున్నాడు. రుమాలు తీస్తే ఈ కణత నుంచి ఆ కణత దాకా ఎర్రటి గాడి. ఒకచోట చర్మం లేచి రక్తం వచ్చింది. ఆయన్ని అంత దగ్గరగా చూడటం నాకదే మొదటిసారి. ఎన్నేళ్ళుగానో అనుకున్న రోజు అది.

మేనేజరు అందరి ముందూ వీర్రాజు గారి మీద విరుచుకుపడ్డాడు. "దర్బారు సీను మధ్యలో ఆగిపోయిందయ్యా! రేకు పని రాని మనిషివి, నిన్ను మేస్త్రి అని ఎవడన్నాడు?"

నేను చేశానని ఒక్క మాట అంటే సరిపోయేది. నోరు రాలేదు. వీర్రాజు గారు నా వైపు చూడను కూడా చూడలేదు. "తప్పు నాదేనండి. రెండు రోజులు టైమివ్వండి" అన్నారు.

మా హీరోకి కోపం ఉన్నట్టు లేదు. కిరీటాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ, "నిజంగా రాజులు ఇంత బరువు ఎలా మోసేవాళ్ళండీ?" అని అడిగాడు.

"నిజం రాజులు కూర్చుని ఉండేవాళ్ళండి. మీరు ఫైట్లు చేస్తున్నారు" అన్నారు వీర్రాజు గారు. మా హీరో నుదురు పట్టుకుని నవ్వాడు.

షావుకారుపేటలో తెలిసినవాళ్ళ దుకాణంలో ఒక మూల మాకు చోటిచ్చారు. కొత్తది అచ్చం పాతదానిలాగే ఉండాలి, అప్పటికే కొన్ని సీన్లు తీసేశారు కాబట్టి. నేను పనిముట్లు తీయబోతే వీర్రాజు గారు నా చెయ్యి పక్కకి నెట్టారు.

"ఈ పాతది పెట్టుకుని ఎదురుగా కూర్చో. తల మీద ఉంటేనే నాకు వంపు తెలుస్తుంది. చెప్పేదాకా తియ్యకు."

పెట్టుకున్నాను. మొదటి అరగంట బాగానే ఉంది. నిజం చెప్పొద్దూ, కాస్త గొప్పగా కూడా అనిపించింది. దుకాణంలో వాళ్ళు వచ్చి చూసి నవ్వి వెళ్తున్నారు, నేనూ నవ్వాను. గంటన్నరకి మెడ పట్టేసింది. మధ్యాహ్నానికి కళ్ళు మసకలు కమ్మాయి. నుదుటి దగ్గర అంచు దిగబడుతుంటే వేలు పెట్టి ఎత్తుకుందామని చూశాను. "సీన్లో ఆయన వేలు పెట్టుకోవచ్చా?" అన్నారు వీర్రాజు గారు, తల ఎత్తకుండానే. సాయంత్రం తీసేసరికి నా నుదుటి మీద కూడా గాడి పడింది. నాకు ఏడుపొచ్చింది, నొప్పికి కాదు.

మర్నాడు కూడా కూర్చోబెట్టారు. ఆ రెండు రోజుల్లో ఆయన తిట్టలేదు, "రాళ్ళ బరువు" ఊసెత్తలేదు. రెండో రోజు సాయంత్రానికి కొత్త కిరీటం తయారైంది. రెండూ పక్కపక్కన పెడితే నాలుగడుగుల దూరం నుంచి ఏది ఏదో నాకే తెలియలేదు. ఎత్తి చూస్తే తెలిసింది. కొత్తది చేతిలో ఉన్నట్టే లేదు.

మేనేజరు దాన్ని తీసుకున్నాడు గానీ ఒక్క మంచి మాట అనలేదు. ఆ తర్వాత మా కొట్టుకి సినిమా పని మళ్ళీ రాలేదు. బందరులో మాత్రం మాట పాకిపోయింది: వీర్రాజు కిరీటం హీరో నుదురు చీల్చిందట.

కుర్రాళ్ళకి నేను చెప్పే పాఠం ఇది. మీరు చేసిన వస్తువు ఏదైనా సరే, ముందు మీరు పెట్టుకోండి. ఒక పూటంతా పెట్టుకుని తిరగండి. మగాళ్ళు జుంకాలు పెట్టుకుని కూర్చుంటే జనం నవ్వుతారు, నవ్వనివ్వండి.

గర్వం సంగతి

ఇక్కడొక నిజం ఒప్పుకోవాలి. సినిమా వచ్చింది, బ్రహ్మాండంగా ఆడింది. దర్బారు సీన్లో డైలాగే లేదు. రాజు సింహాసనం మెట్ల మీద నిలబడతాడు, మెడ నరాలు బిగుస్తాయి, తల ఒక్క రవ్వ కిందికి వాలుతుంది, మళ్ళీ నిలబెట్టుకుంటాడు. అప్పుడొక చూపు చూస్తాడు. ఆ చూపుకి జనం చొక్కాలు చించుకున్నారు. రాజ్యం బరువు అంతా ఆ మెడ మీద కనిపించిందని పత్రికల వాళ్ళు రాశారు.

నేను చీకట్లో కూర్చుని అనుకున్నాను, అది రాజ్యం బరువు కాదు, నా రేకు బరువు అని. దర్బారు సీను మధ్యలో ఆగిందని మేనేజరు అన్నాడు కదా. అంటే ఆ సగం నా కిరీటంతో తీసిందే. నేను తప్పు చేయకపోతే ఆ చూపు ఎక్కడిది?

మేస్త్రి గారి విషయంలో సిగ్గు ఒక పక్క, ఈ గర్వం ఒక పక్క. రెండూ నాలో పక్కపక్కనే ఉన్నాయి, ఇన్నేళ్ళూ. వీర్రాజు గారు పోయిన రోజున చెబుదామనుకున్నాను. ఆయన ఇంటి ముందు అందరూ ఉన్నారు, సందర్భం కూడా అదే. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని అడిగితే, సిగ్గు చెప్పమంది, గర్వం వద్దంది, అంతకన్నా వేరే జవాబు లేదు.

గుడివాడ, మార్నింగ్ షో

ఈ మధ్య పాత సినిమాలని శుభ్రం చేసి మళ్ళీ హాళ్ళలో వేస్తున్నారు కదా. ఆ సినిమా కూడా వేస్తున్నారని నా దగ్గరికి ఒకతను వచ్చాడు. పేరు శ్రీను. నాగాయలంకలో బోటు ఇంజన్లు బాగుచేస్తాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఆ సినిమా వచ్చినప్పటికి అతను పుట్టలేదు, అయినా ఏ సీన్లో ఏ గుర్రమో కూడా చెప్పగలడు. ఫోన్లో మా హీరో రాజు వేషాలన్నీ ఉన్నాయి, వరసగా.

"మావయ్యా, కిరీటం మీ కొట్లో చేసిందే అంటగా? ఆ వీర్రాజు ఎవరో పని చెడగొట్టాడంట, నిజమేనా?" అని అడిగాడు.

దివిసీమ చివర ఉండే కుర్రాడి దాకా వెళ్ళింది ఆ మాట. నాకు ఆ పూట అన్నం సయించలేదు. మర్నాడు ఫోన్ చేసి, "షోకి వస్తాను బాబూ. నాకు మైకు ఇప్పించు" అన్నాను.

గుడివాడ హాలు ముందు డప్పులు, కాగితం ముక్కలు, కటౌటుకి పాలు. అవనిగడ్డ, ఉయ్యూరు నుంచి కూడా అభిమానులు వచ్చారు. సినిమా మొదలయ్యే ముందు శ్రీను నన్ను తెర ముందుకి తీసుకెళ్ళాడు. ఎక్కువ మాట్లాడలేదు నేను.

"వీర్రాజు గారు ఎంచిన రేకు నేను మార్చాను. మందపు రేకు వేసింది నేను. అబద్ధం చెప్పింది కూడా నేనే. ఆయన తన మీద వేసుకున్నారు" అన్నాను.

 హాలంతా ఈలలు. "అయితే ఆ చూపు మీ వల్లేగా మావయ్యా!" అని ఎవరో అరిచారు. అంతే, నా మీద కాగితం ముక్కలు చల్లారు, ఒకతను కాళ్ళకి దండం పెట్టాడు. తప్పు ఒప్పుకోవడానికి వెళ్తే సన్మానం జరిగింది. వీర్రాజు గారి పేరు ఆ గోలలో ఎవరికీ పట్టలేదు. నేను వద్దనాలి. వద్దనలేదు. లోపల తీయగానే ఉంది.

సినిమా వేశారు. బొమ్మ ఎంత శుభ్రంగా ఉందో చెప్పలేను, భుజకీర్తి మీద ఒక్కొక్క రవ్వా లెక్కపెట్టొచ్చు. దర్బారు సీను వచ్చింది. కెమెరా ఆయన మొహం మీదికి దగ్గరగా, ఇంకా దగ్గరగా వెళ్ళింది. అందరూ లేచి నిలబడ్డారు. నేను అలవాటు ప్రకారం కిరీటం అంచు చూశాను.

కిరీటం అంచుకి సన్నటి మెలితీగ వేస్తాం. రెండు తీగలు కలిపి చేత్తో మెలి తిప్పుతాం. నాది ఎడమ చేతి వాటం. నేను తిప్పితే మెలి ఎడమకి వాలుతుంది, మిగతా అందరిదీ కుడికి. తీగ వెంట్రుకంత సన్నం కాబట్టి చేసినవాడు తప్ప ఎవరూ పట్టించుకోరు, పాత ప్రింట్లలో అయితే తీగ ఉన్నట్టే తెలిసేది కాదు.

తెర మీద మెలి కుడికి వాలి ఉంది.

కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. సీను ముగిసేదాకా ప్రతి షాట్లోనూ చూశాను. కుడికే. అంటే మధ్యలో ఆగిన దర్బారు సీనుని వాళ్ళు మొదటి నుంచీ మళ్ళీ తీశారు. వీర్రాజు గారి కిరీటంతో. చేతిలో ఉన్నట్టే లేదే, ఆ కిరీటంతో.

ఇంటర్వెల్లో శ్రీను సోడా తెచ్చిచ్చాడు. "చూశారా మావయ్యా మెడ నరాలు! మీ బరువు అలా ఉంది మరి."

"బాబూ, ఆ కిరీటం నాది కాదు" అన్నాను.

"అదేంటండీ? ఇందాక మైకులో మీరే చెప్పారుగా."

మెలితీగ సంగతి చెప్పాను. ఇందాక తెర మీంచి తీసుకున్న ఆ బొమ్మ ఫోన్లో తెరిచి, వేళ్ళతో పెద్దది చేసి చాలాసేపు చూశాడు. తర్వాత నా చేతుల వైపు చూశాడు.

"మరి ఆయన మెడ అంతలా వాలింది కదా?"

"నటన."

"తల మీద బరువేం లేదా?"

"లేదు. రెండు రోజులు ఆ బరువు మోశాడు కదా, మెడ ఎలా వాలుతుందో తెలిసింది. తర్వాత మోస్తున్నట్టు నటించాడు, మేమంతా నమ్మాం. మేస్త్రి గారు అంత తేలిగ్గా చేశారు, అదీ నమ్మేశాం బరువని. ఇన్నేళ్ళూ నాకే తెలియలేదు."

 ఇన్నేళ్ళు నేను మురిసిపోయింది వీర్రాజు గారి పని చూసి. ఆయన తిట్లు తిన్నారు, ఆ పని మీద పొగడ్త నేను తిన్నాను, లోలోపల, ఒక్కణ్ణే. మళ్ళీ ఈ పొద్దున అందరి ముందూ.

శ్రీను సోడా సీసా కింద పెట్టాడు. "ఆయన పేరు ఇంకోసారి చెప్పండి మావయ్యా, పూర్తిగా."

చెప్పాను. లోపలికి పరిగెత్తి మైకు తీసుకుని ఆ పేరు చదివాడు, దర్బారు సీన్లో కిరీటం ఆయన చేసిందని. సగం మంది బయట సమోసాల దగ్గర ఉన్నారు. ఉన్నవాళ్ళు ఫోన్లు చూసుకుంటున్నారు. చప్పట్లు ఎవరూ కొట్టలేదు. నేను కొట్టాను.